బాగుచేయించుకొన్న చెవి యెంతకాలము వినును?

కన్ను పోయినవారిని జూచి లోకము జాలిపడును. చెవి పోయినవారిని జూచి నవ్వును. చెవిటివాని ముందు శంఖ మూదినట్లని సామెత చెప్పి నవ్వుకొనువారే గాని, ఆ చెవి యేల పోయెను, పోకుండ నిలుపుకొను మార్గ మేమైన గలదా యని విచారించువారు తక్కువ. ఈ నవ్వునకు వెఱచియే మన గృహములలో ననేక స్త్రీలు తమకు వినబడుట లేదని చెప్పుకొనరు. వినబడినట్లు తల యూచి, ఎదుటివారి పెదవులు చూచి మాట గ్రహించి, గ్రహింపలేనపుడు చిఱునవ్వుతో సరిపెట్టి, యేండ్లు గడుపుచుందురు.

సోదరీమణులారా! చెవి కారుటవలన కర్ణభేరి చిల్లుపడి, లోపలి చిన్నయెముకలు చెడి, వినికిడి తగ్గినవారికి వైద్యులు శస్త్రచికిత్స చేసి, ఆ భేరిని మరల కప్పి, యెముకల వరుసను మరల కూర్చుచున్నారని మీరు వినియుందురు. మీలో కొందఱు చేయించుకొనియు నుందురు. చేయించుకొనుటకు ముందు ప్రతి గృహిణియు నడుగు ప్రశ్న యొకటి గలదు: "వినికిడి వచ్చునా?" అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మఱియొకటి గలదు, దాని నడుగువారు తక్కువ: "వచ్చిన వినికిడి నిలుచునా?" ఈ రెండవ ప్రశ్నకే మే మిచ్చట సమాధానము చెప్పదలచితిమి.

సూళ్లూరుపేట సోదరీమణులను మనస్సునం దుంచుకొని యీ వ్యాసము వ్రాయుచున్నాము. కాళంగి యొడ్డున, పులికాటు సరస్సునకు చేరువగా నున్న యీ పట్టణము పూర్వము నెల్లూరు జిల్లాలోనిది. 2022 సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన తిరుపతి జిల్లా యేర్పడినప్పుడు దానిలో చేరినది. దక్షిణముగా సుమారు 80 కిలోమీటర్ల దూరమున చెన్నపట్టణము, పడమటి దిక్కున తిరుపతి, ఉత్తరమున నెల్లూరు. మూడు చోట్లను పెద్ద వైద్యశాల లున్నవి. చెన్నపట్టణపు లోకలు రైళ్లు సైత మిచటివఱకు వచ్చును. ఇన్ని యనుకూలము లుండియు, చెవిరోగమును కొంగుచాటున దాచుకొని యింటనే యుండు స్త్రీలు లేకపోలేదు. శ్రీహరికోటనుండి రాకెట్టు లేచునపుడు ఊరివారు మేడలెక్కి చూతురు. ఆ గర్జన వినికిడి తగ్గిన యిల్లాలికిని వినబడును. ప్రక్కగదిలో జ్వరముతో బిడ్డ మూలుగుట మాత్ర మామెకు వినబడదు. సంసారమునకు గావలసిన వినికిడి యీ రెండవది. చెవి శస్త్రచికిత్స విలువను మన మీ కొలతతోనే కొలువవలెను.

మధ్యకర్ణము చేయు పని

చెంగాళమ్మ గుడి తలుపులు రేయింబవళ్లు మూయరని ప్రసిద్ధి. చెవియు నట్టిదే. కంటికి ఱెప్ప గలదు, నోటికి పెదవులు గలవు. చెవికి తలుపు లేదు. మనము నిద్రించునపుడును అది మేలుకొనియే యుండును.

బయటిచెవి గొట్టము కొనయందు కర్ణభేరి యను పలుచని పొర యున్నది. దాని వెనుక గాలితో నిండిన చిన్నగదియే మధ్యకర్ణము. ఆ గదిలో సుత్తి, దాగలి, అంకవన్నె యను మూడు చిన్నయెముకలు గొలుసువలె నొకదాని నొకటి పట్టుకొనియుండును. అంకవన్నె మన శరీరమునందలి యెముక లన్నిటిలో చిన్నది. దాని పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే. దాని పాదము అంతరకర్ణపు గవాక్షమున నమరి, లోపలి ద్రవమును కదలించును. ఆ కదలికయే నాడుల వెంట మెదడునకు బోయి మాటగా, పాటగా, పిలుపుగా దెలియును.

చెఱువులో మునిగినవారికి గట్టుమీది మాట వినబడకుండుట మీ రెఱిగినదే. గాలిలోని ధ్వని నీటిని నేరుగా తాకినచో చాలవఱకు వెనుకకు మరలిపోవును. ఈ నష్టమును పూడ్చుటయే మధ్యకర్ణము పని. భేరిలో ధ్వనికి కదలు భాగము అంకవన్నె పాదముకంటె సుమారు 17 రెట్లు విశాలము. విశాలమైన చోట పడిన బలము చిన్నచోట చేరునపుడు ఒత్తిడి హెచ్చును. యెముకల కూర్పువలన మఱికొంత బలము గలిసి, మొత్తముమీద ధ్వని యొత్తిడి సుమారు 22 రెట్లగును. భేరి చిల్లుపడినను, గొలుసు తెగినను ఈ లాభము పోవును. భేరి నిండుగనే యుండి లోపల గొలుసు తెగినచో 60 డెసిబెల్ల వఱకు వినికిడి తగ్గవచ్చును. ఎదురుగ గూర్చుండి మనము మామూలుగా మాటలాడు మాట బలము ఇంచుమించు 60 డెసిబెల్లే. అనగా అట్టి చెవికి ఎదుటి మాట యున్నదో లేదో యన్నట్లుండును.

ఈ గదికి మఱియొక మార్గము గలదు. ముక్కు వెనుక భాగమునుండి మధ్యకర్ణమునకు పోవు సన్నని గొట్టమును కంఠకర్ణనాళ మందురు. మనము మ్రింగునపుడును ఆవులించునపుడును అది తెఱచుకొని లోపలి గదికి గాలి నందించును. సోదరీమణు లీ నాళమును జ్ఞాపక ముంచుకొనవలెను. శస్త్రచికిత్స ఫలితము పదియేండ్లు నిలుచునా, రెండేండ్లకే తఱుగునా యనునది చాలవఱకు దీనిమీదనే యాధారపడియుండును.

చెవి కారుట చిన్నరోగము కాదు

పసితనమున జలుబు చేసినపుడు రోగక్రిము లీ నాళము వెంట మధ్యకర్ణములోనికి బోవును. చీము నిండి, భేరి చిల్లుపడి, చెవి కారును. చాలమందికి చిల్లు తానే పూడును. కొందఱికి పూడక నిలిచిపోవును. అది మొదలు ప్రతి జలుబునకును, చెవిలో నీరు పోయిన ప్రతిసారియు చెవి కారుచుండును. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2004లో ప్రకటించిన నివేదికలో లోకమున నిట్లు చెవి కారువారు ఆఱున్నర కోట్లకును ముప్పదిమూడు కోట్లకును నడుమ నుందురనియు, వారిలో నూటికి 60 మందికి వినికిడి లోప మున్నదనియు అంచనా వేసిరి. ఈ రోగ మెక్కువగా నున్న దేశములలో మన దేశము నొకటిగా చేర్చిరి.

ఈ రోగము రెండు విధములు. మొదటిదానియందు భేరి నడుమ చిల్లుండి, పలుచని స్రావము వచ్చుచు ఆగుచు నుండును, ప్రాణభయము తక్కువ. రెండవదాని పేరు కొలెస్టియటోమా. దీనియందు భేరి లోపలికి ముడుచుకొనిపోయి, అచట చర్మపు పొలుసులు పేరుకొని ముద్దయై, చుట్టునున్న యెముకను తినివేయుచుండును. స్రావము కొంచెమే గాని దుర్వాసన మిక్కుటము. నొప్పి యుండకపోవుటచే రోగి యేమరియుండును. కాలక్రమమున మూతి వంకరపోవుట, తల తిరుగుట, అంతరకర్ణము చెడుట, మెదడులో చీముగడ్డ యేర్పడుట మొదలగు నపాయములు రావచ్చును. కావున దుర్వాసనతో కారు చెవిని ఒక్కదినమైనను ఉపేక్షింపరాదు.

చికిత్స పుట్టుక

మందులు లేని కాలమున చెవి వెనుక యెముకకు చీము పట్టినపుడు దానిని తొలిచి రోగి ప్రాణము కాపాడుటయే వైద్యులకు గొప్ప. వినికిడి సంగతి తరువాతిమాట. సూక్ష్మజీవిహర ఔషధములు వచ్చిన పిమ్మట నీ పరిస్థితి మాఱినది. ఇందు మన తెలుగువాని పాలును గలదు. 1895లో భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే పరిశోధనశాలకు నాయకులై యున్నపుడు, అచట పనిచేయుచుండిన డగ్గరను శాస్త్రజ్ఞుడు కనుగొనిన ఆరియోమైసిను 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. టెట్రాసైక్లిను జాతి మందులలో నది మొదటిది. ఇట్టి మందులవలన చీము లొంగి ప్రాణభయము తగ్గగా, వైద్యుల చూపు వినికిడి మీదికి మరలెను.

చిల్లుపడిన భేరికి చర్మము నంటించి మూసిన మొదటి ప్రయత్నము 1878లో జర్మనీ దేశమున బెర్తోల్డు అను వైద్యునిచే జరిగినది. కాని మధ్యకర్ణము నంతటిని పునర్నిర్మించు పద్ధతిని శాస్త్రముగా నిలిపినవారు ఆ దేశస్థులే యగు వుల్‌స్టైను, జోల్నరు అను వైద్యులు. 1950 మొదలుకొని కొన్నియేండ్లలో వారు చూపిన మార్గమే టింపనోప్లాస్టీ యను పేర నేడును సాగుచున్నది. శస్త్రచికిత్సకు పనికివచ్చు సూక్ష్మదర్శిని యా రోజులలోనే చేతికి వచ్చుటచే వడ్లగింజకన్న చిన్న యెముకలతో పనిచేయుట సాధ్యమయ్యెను. మొదట వాడిన చర్మపుముక్కలు చెవిలో నిలువక చెడుచుండెను. పిమ్మట కణత కండరముపై నుండు పలుచని పొరను తీసి భేరిగా నమర్చుట వాడుకయైనది. చెవిడొప్ప మృదులాస్థిని పలుచగా కోసి వాడుటయు నేడు విస్తారముగ నున్నది. చెడిన దాగలికి బదులుగ రోగియొక్క యెముకనే చెక్కి యమర్చుదురు. లేదా టైటానియము, హైడ్రాక్సిఅపటైటు మొదలగువానితో చేసిన చిన్నకమ్మి నుంచుదురు.

మొదటి యేడు, పదవ యేడు

ఇక ముఖ్యవిషయమునకు వత్తము. భేరి చిల్లు పూడుట వేఱు, వినికిడి వచ్చుట వేఱు, ఆ వినికిడి నిలుచుట వేఱు. ఈ మూడింటిని ఒక్కటిగా భావించుటవలననే మనవారికి ఆశాభంగము కలుగుచున్నది.

చిల్లు పూడుటలో ఫలితము మిక్కిలి బాగుగ నున్నది. అనుభవజ్ఞులగు వైద్యులు చేసినవానిలో సాధారణముగా నూటికి 85 మొదలు 90 వఱకు చెవులలో క్రొత్తభేరి యంటుకొని నిలుచుచున్నది. యెముకల గొలుసు చెడకుండ చిల్లు మాత్రమే యున్నచో వినికిడియు చాలవఱకు తిరిగివచ్చి, అట్లే నిలుచును.

యెముకలు చెడినచో ఫలితము తక్కువ. వైద్యులు గాలిద్వారా విను వినికిడిని, యెముకద్వారా విను వినికిడిని వేఱువేఱుగ కొలిచి, ఆ రెంటి నడుమనున్న యంతరమును జూతురు. శస్త్రచికిత్స పిదప ఆ యంతరము 20 డెసిబెల్లలోపునకు వచ్చినచో విజయమని లెక్కించుట వాడుక. అంకవన్నె కొమ్మలు చెడకుండ నున్న చెవులలో సుమారు మూడింట రెండువంతుల మందికిని, అవియు పోయి పాదము మాత్రమే మిగిలిన చెవులలో సుమారు సగము మందికిని ఇట్టి ఫలితము లభించుచున్నది. రోగి చెవిలో నేమి మిగిలియున్నదో దానినిబట్టియే ఫలము. కావున మఱదలికి బాగుగ వినబడెనని మనకును నట్లే వినబడునని తలంపరాదు. ఆమెకు వినబడలేదని మనము నిరాశ చెందనుగూడదు.

ఏండ్లు గడచినకొలది ఈ విజయములో కొంతభాగము తఱుగును. ఒక యేటికి కొలిచిన లెక్కకంటె అయిదేండ్లకు కొలిచిన లెక్క తక్కువగ నుండుట వైద్యులు తఱచుగ చూచుచున్నారు. దీనికి కారణములు నాలుగు. మొదటిది, కంఠకర్ణనాళము సరిగా పనిచేయక క్రొత్తభేరి మరల లోపలికి ముడుచుకొనుట. రెండవది, అమర్చిన కమ్మి తన చోటు వదలుట, లేదా భేరిని తొలుచుకొని బయటికి వచ్చుట. లోహపు కమ్మికిని భేరికిని నడుమ మృదులాస్థిముక్క నుంచుట ఈ యపాయమును తగ్గించుటకే. మూడవది, కొలెస్టియటోమా తిరిగి పెరుగుట. ఇది పెద్దలలోకంటె పిల్లలలో నెక్కువ. నాలుగవది, వయస్సు. శస్త్రచికిత్స మధ్యకర్ణమును బాగుచేయును గాని అంతరకర్ణపు వార్ధక్యము నాపజాలదు. నలువదియేండ్లనాడు బాగుపడిన చెవి డెబ్బదియేండ్లకు మందగించినచో, ఆ దోషమంతయు శస్త్రచికిత్సపై మోపుట న్యాయము కాదు.

కొలెస్టియటోమా చికిత్సలో మఱియొక భేదము గలదు. కొన్ని చెవులలో గొట్టపు వెనుకగోడను నిలిపి రోగమును తీయుదురు. చూపునకు చెవి సహజముగనే యుండును. కాని గోడచాటున రోగము మిగులుటకును, మరల వచ్చుటకును అవకాశ మెక్కువ. అందుచే కొన్ని నెలలకో యేడాదికో రెండవసారి తెఱచి చూచుటయో, ప్రత్యేకమైన ఎమ్మారై చిత్రము తీయించుటయో యవసర మగును. మఱికొన్ని చెవులలో ఆ గోడను తీసివేసి గదిని విశాలపఱతురు. రోగము మరల వచ్చుట తగ్గును; కాని యా గదిలో గులిమి, పొలుసులు పేరుకొనుచుండును గనుక ఆఱునెలలకో యేడాదికో ఒకసారి వైద్యునిచే శుభ్రము చేయించుకొనుట జీవితాంతము తప్పదు. ఇల్లు కట్టినవాడు ఏటేట వెల్లవేసుకొనుట యెట్లో యిదియు నట్లే.

రోగి దృష్టిలో లాభము

యంత్రము చెప్పిన లాభమును, యిల్లాలికి తోచిన లాభమును ఒక్కటేనా? ఈ ప్రశ్నను ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరమున గోర్డన్ స్మిత్, పాటర్సను అనువారు పరిశీలించి 1985లో ప్రకటించిరి. వైద్యుడు విజయమని వ్రాసికొన్న చెవులలో కొన్నింటిని రోగులు విజయముగ నెంచలేదు. కారణ మేమన, మనుష్యుడు ఒక్కచెవితో బ్రదుకడు; రెండవ చెవి బాగుగ నున్నచో చెడ్డచెవి కొంచెము బాగుపడినను తేడా దెలియదు. అందుచే వారొక సులువైన కొలత చెప్పిరి. చికిత్స జరిగిన చెవి 30 డెసిబెల్లలోపు ధ్వనిని వినగలుగవలెను. లేదా రెండవ చెవికిని దానికిని వ్యత్యాసము 15 డెసిబెల్లలోపున నుండవలెను. అట్లయినగాని రోగికి లాభము తోపదు.

దీనిని మన యింటి భాషలో చెప్పుకొందము. ఒక గృహిణికి కుడిచెవి నిర్దుష్టముగ నున్నది; ఎడమచెవి 60 డెసిబెల్లు తగ్గినది. శస్త్రచికిత్సవలన నది 40కి వచ్చినచో వైద్యుని కాగితముపై 20 డెసిబెల్ల లాభము. కాని యామె కుడిచెవితోనే వినుచుండును గనుక ఇంటిలో నెవరికిని మార్పు కనబడదు. రెండు చెవులును 60 తగ్గిన వేఱొక గృహిణికి ఒకచెవి 40కి వచ్చినను లోకము మాఱినట్లే తోచును. కావున చికిత్సకు పూర్వమే, "నా రెండవ చెవి యెట్లున్నది? ఈ చెవి యెంతవఱకు రాగలదు? అందువలన నా నిత్యజీవితమున నేమి మార్పు?" అని వైద్యుని నిస్సంకోచముగ నడుగవలెను. మొదటిదానియందు శస్త్రచికిత్స వ్యర్థమని మే మనుట లేదు. చెవి కారుట నిలుచుట, మెదడున కపాయము తొలగుట యనునవి వినికిడికంటె ముందు లెక్కింపదగిన లాభములు. దేనికొఱకు చేయించుకొనుచున్నామో ముందే యెఱిగిన నిరాశ కలుగదు.

అపాయములనుగూడ దాచరాదు. శస్త్రచికిత్స జరిగిన నూఱు చెవులలో ఒకదానియందో, అంతకు తక్కువగనో, అంతరకర్ణము దెబ్బతిని వినికిడి పూర్తిగ పోవచ్చును. నాలుక యొక ప్రక్క కొన్నినెలలు రుచి మందగించుట కలదు. ముఖనాడి చెవిలోనుండియే పోవును గనుక దానికి దెబ్బతగులు భయము స్వల్పముగ నున్నది. ఇందుచేతనే వినబడు చెవి ఒక్కటే మిగిలినవారికి ఆ చెవికి శస్త్రచికిత్స, ప్రాణాపాయ ముండినగాని, వైద్యులు చేయుటకు వెనుదీయుదురు.

గృహిణులు గమనింపవలసినవి

మొదట తల్లులకు. పసిబిడ్డను వెల్లకిల పరుండబెట్టి పాలసీసా నోటి కందింపరాదు. తల యెత్తి పట్టి త్రాగింపవలెను. పొయ్యిపొగయు, పొగాకుపొగయు బిడ్డల చెవులకు చేటు. చెవినొప్పి యన్నంతనే కాగిన నూనె, వెల్లుల్లిరసము, ఆకుపసరు, చనుబాలు చెవిలో పిండుట మన పల్లెలలో నున్నది. భేరి చిల్లుపడియున్నచో నివి నేరుగ మధ్యకర్ణమున చేరి రోగమును పెంచును. తలపిన్ను, అగ్గిపుల్ల, కోడియీక చెవిలో త్రిప్పుట యంతకంటె కీడు. మందులయంగడిలో నడిగి తెచ్చుకొను చుక్కలలో కొన్ని చిల్లుచెవిలో పడినచో అంతరకర్ణమును చెఱచునవి గలవు. వైద్యుడు చూచి వ్రాసినవే వేయవలెను.

చికిత్స చేయించుకొన్నవారికి. మొదటి కొన్నివారములు ముక్కు బలముగ చీదరాదు. తుమ్ము వచ్చినచో నోరు తెఱచి తుమ్మవలెను. నిండుబిందె యెత్తరాదు. తలంటుకొను దినమున వాసలీను పూసిన దూదిని చెవిలో పెట్టుకొని నీరు చేరకుండ చూచుకొనవలెను. చెఱువులలో, సముద్రస్నానములలో మునుగుట వైద్యు డనుమతించువఱకు మానవలెను. శస్త్రచికిత్స కాగితములను, వినికిడి పరీక్ష పటములను పసుపుకుంకుమల పెట్టెలో దాచినంత భద్రముగ దాచవలెను. ఏమి యమర్చిరో, గోడ నిలిపిరో తీసిరో ఆ కాగితములే చెప్పును. పదేండ్ల తరువాత మఱియొక వైద్యుడు చూడవలసి వచ్చినపుడు వాని విలువ తెలియును.

అన్నిటికంటె ముఖ్యము తిరిగి పోవుట. వైద్యుడు "ఆఱునెలలకు రమ్ము" అన్నపుడు మొదటిసారి పోవుదురు. చెవి కారుట నిలిచినది, నొప్పి లేదు, ఇక నెందుకని రెండవసారి మానుదురు. పిల్లల పరీక్షలు, అత్తగారి యారోగ్యము, పొలముపనులు, రైలుఖర్చు. వీనిలో నేదియైనను ఆటంకము కావచ్చును. పురుషుని చెవియైనచో ఇంటివారందఱు జ్ఞాపకము చేయుదురు. ఇల్లాలి చెవిని ఇల్లాలే మఱచును. ముడుచుకొను భేరియు, మరల పెరుగు కొలెస్టియటోమాయు నొప్పి పుట్టింపక నిశ్శబ్దముగ పనిచేయును. వానిని మొదటనే పసిగట్టినచో చిన్న యుపాయముతో వినికిడి నిలుపవచ్చును. ఆలసించినచో మరల పెద్ద శస్త్రచికిత్సయే గతి. కొలెస్టియటోమాకు చికిత్స పొందినవారు, ముఖ్యముగ పిల్లలు, పదేండ్లవఱకైనను ఏటేట చూపించుకొనుట మేలు.

ఖర్చునుగూర్చి రెండుమాటలు. ప్రభుత్వ వైద్యకళాశాలల యాసుపత్రులలో చెవి, ముక్కు, గొంతు విభాగములు గలవు. 1960లో స్థాపితమైన తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్యకళాశాలకు చేరిన రుయా ఆసుపత్రి మన జిల్లావారికి చేరువ. విశాఖపట్టణమునను, హైదరాబాదు కోఠియందును చెవి, ముక్కు, గొంతులకే ప్రత్యేకింపబడిన ప్రభుత్వాసుపత్రు లున్నవి. 2007లో ఆరోగ్యశ్రీ యను పేర మొదలై, ఆంధ్రప్రదేశమున నేడు డాక్టరు ఎన్టీఆర్ వైద్యసేవ యను పేర నడుచు పథకము తమ చికిత్సకు వర్తించునా యని ఆసుపత్రిలోని వైద్యమిత్ర నడిగి తెలిసికొనవలెను.

శస్త్రచికిత్స పిదపను చాలినంత వినికిడి రానివారు కన్నీరు పెట్టుకొననక్కఱలేదు. కారుట నిలిచి యెండిన చెవికి వినికిడి యంత్రము చక్కగ నమరును. ఎల్లప్పుడు కారు చెవులకు సైతము, చెవిగొట్టమును మూయక యెముకద్వారా ధ్వని నందించు యంత్రములు వచ్చినవి. చత్వారమునకు కంటద్దములు పెట్టుకొన్న అత్తగారిని చూచి మన మెవ్వరమును నవ్వము. చెవియంత్రము పెట్టుకొన్న కోడలిని చూచి యేల నవ్వవలెను? పెండ్లికూతురి చెవిలోపమును దాచి పెండ్లిచేయుట, పిమ్మట నది బయటపడగా ఆమెను చులకన చేయుట మన సంఘమున నింకను నున్నది. దాచుటకు వెచ్చించు శ్రమను చికిత్సకు వెచ్చించినచో ఆ బాలిక జీవితమే మాఱును.

సోదరీమణులారా! ఈ పత్రిక చదివి ముగించిన పిమ్మట మీ యింట నొక్క పని చేయుడు. ఇంటిలోని వారి నొక్కొక్కరిని, మీరును చేరి, ఒక చెవి మూసికొని రెండవ చెవితో గుసగుస వినబడునేమో పరీక్షించుకొనుడు. ఎవరి చెవియైన కారుచున్నదా, చిన్ననాడు కారి నిలిచినదా యని యడుగుడు. శస్త్రచికిత్స జరిగినవారుండినచో, కడపటిసారి వైద్యుడు చూచి యెన్నాళ్లయినదో లెక్కించుడు. ఏడాది దాటినచో, రైలునకో బస్సునకో పోవలసిన దినమును నేడే నిశ్చయింపుడు.